రెసిన్ పోసిన గాజు పలక ఎందుకు పగులుతోంది?

ఈసారి చేతిపని శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ గురించి ఉన్నాయి. కిల్న్‌లో (గాజు కాల్చే కొలిమిలో) కరిగించి చేసిన రంగు గాజు పలకను రెసిన్‌తోనో (పోశాక రాయిలా గట్టిపడే ద్రవం) సిలికోన్‌తోనో (రబ్బరులా మెత్తగా ఉండేది) ఇంకో అద్దానికి అతికించడం, కొన్నాళ్లకు అది పగలడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచే ఎక్కువగా రాశారు కాబట్టి ఆ ఎండలను, ఆ నీళ్లను దృష్టిలో పెట్టుకునే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్ నమస్తే. నేను మిర్యాలగూడలో చిన్న కిల్న్ పెట్టుకొని గాజు పని చేస్తున్నాను. ఒకరి కొత్తింటి తలుపుకు పోచంపల్లి ఇక్కత్ డిజైన్‌తో రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు పలక చేశాను. దాన్ని 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం మీద పెట్టి మధ్యలో క్లియర్ ఎపాక్సీ రెసిన్ పోశాను. మే నెలలో పోశాను, రాయిలాగా గట్టిపడింది. డిసెంబరులో ఒకరోజు పొద్దున చూస్తే కింది మూల నుంచి పర్రె పడి ఉంది, వారం తిరిగేసరికి అది మధ్య దాకా పాకింది. టఫెన్డ్ అద్దానికి మాత్రం ఏమీ కాలేదు. ఇంతకంటే గట్టి రెసిన్ ఏదైనా ఉందా? ఇంటివాళ్లకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకా గట్టి రెసిన్ అస్సలు వద్దు. రెసిన్ చాలక మీ పలక పగల్లేదు, రెసిన్ మరీ గట్టిదై పగిలింది.

లెక్క చూడండి. మీటరు పొడవున్న మామూలు గాజు 40 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ సాగుతుంది, అంతే. అదే పొడవున్న ఎపాక్సీ అదే వేడికి రెండు మిల్లీమీటర్లు దాటి సాగుతుంది, కొన్ని రకాలైతే మూడు దాకా పోతాయి. చల్లబడ్డప్పుడు ముడుచుకునేదీ అదే లెక్కన. ఇప్పుడు మీరు పోసింది మే నెలలో, అంటే షెడ్డులో 40 డిగ్రీలు ఉండగా, దానికి తోడు రెసిన్, హార్డెనర్ కలిశాక వాటిలో పుట్టే వేడి ఒకటి, కాబట్టి ఆ రెసిన్ బాగా వేడిగా, సాగి ఉన్నప్పుడే బిగుసుకుంది. బిగుసుకునేటప్పుడు ఎపాక్సీ కొంత కుంచించుకోవడం కూడా ఉంటుంది. ఆ తర్వాత డిసెంబరు తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దగ్గరికి దిగేసరికి రెసిన్ ముడుచుకుంటానంటుంది, గాజు అంత ముడుచుకోలేదు, మధ్యలో పట్టు వదలదు. ఆ లాగుడంతా అంచుల దగ్గర, అందులోనూ మూలల దగ్గర పోగవుతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కానీ లాగుడును ఓర్చుకోదు. మూలలో కంటికి ఆననంత చిట్లు ఒకటి ఉన్నా చాలు, పగులు అక్కడే మొదలవుతుంది. టఫెన్డ్ అద్దం పైపొరలు తయారీలోనే లోపలికి నొక్కుకొని ఉంటాయి కాబట్టి అది తట్టుకుంది, మీ చేతి పలక తట్టుకోలేకపోయింది.

జిగురు గాజును చీలుస్తుందా అని మీకు ఇంకా అనుమానం ఉంటే గ్లూచిప్ అద్దాలు ఎలా చేస్తారో తెలుసుకోండి. గరుకు చేసిన అద్దం మీద పశువుల చర్మం నుంచి తీసిన జిగురును వేడిగా పూసి ఆరబెడతారు. ఆరుతూ ముడుచుకునే ఆ జిగురు గాజు పైపొరను పెచ్చులు పెచ్చులుగా ఊడబీకుతుంది, అద్దం మీద ఈకల్లాంటి ఆ డిజైన్ అలాగే పడుతుంది. అక్కడ కావాలని చేసే పని మీ తలుపులో మీకు తెలియకుండా జరిగింది.

వారం రోజుల పాటు పాకడానికి కూడా కారణం ఉంది. లాగుడులో ఉన్న గాజుకు గాలిలోని తేమ తగిలితే పగులు కొస దగ్గర కొద్దికొద్దిగా ముందుకు తెగుతూ పోతుంది. ఆరు నెలలు బాగున్న పలక ఏడో నెలలో పగలడం ఇందుకే. ఇంటివాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: పగులు ఇంకా పాకుతుంది, కానీ పలక వెనక అద్దానికి అతుక్కొని ఉంది కాబట్టి ఉన్నట్టుండి ఊడి మీద పడే ప్రమాదం తక్కువ, కొత్తది చేసిచ్చే వరకు రంగు గాజు వైపు పారదర్శకమైన సేఫ్టీ ఫిల్మ్ అంటించి ఉంచుతాను అని. పిల్లలున్న ఇల్లయితే ఆ ఫిల్మ్ ఈరోజే అంటించండి.

కొత్తదానికి ఏం వాడాలి? రెండు భాగాలు కలిపి పోసే క్లియర్ సిలికోన్ వాడండి, ప్లాటినం క్యూర్ అని అడిగితే ఇస్తారు. ఇక్కడ వింత ఏమిటంటే సిలికోన్ వేడికి ఎపాక్సీ కంటే ఇంకా ఎక్కువ సాగుతుంది. అయినా గాజును పగలగొట్టదు, ఎందుకంటే దాని బిర్రు ఎపాక్సీలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే, తాను సాగినా ముడుచుకున్నా గాజును లాగేంత బలం దానికి లేదు. గట్టిపడ్డాక కుంచించుకోవడం కూడా దాదాపు ఉండదు, ఎండకు పసుపు రంగుకు తిరగదు. ఎపాక్సీ ఎండ తగిలే చోట ఎంత మంచిదైనా ఏదో ఒకరోజు పసుపెక్కుతుంది, తలుపులకూ కిటికీలకూ అది నాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం. ఇంకో తేడా గుర్తుంచుకోండి. గట్టి రెసిన్ ఎంత మందంగా పోస్తే అంత ప్రమాదం, మెత్తని సిలికోన్‌కు దానికి తిరగబడ్డ లెక్క, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటేనే అది గాజుకూ అద్దానికీ మధ్య కదలడానికి చోటిస్తుంది. కిల్న్ షెల్ఫ్ మీద కాలిన పలక అడుగు ఎలాగూ సమంగా ఉండదు, ఆ ఎగుడుదిగుళ్లు కూడా ఈ మందంలో కలిసిపోతాయి.

ఎపాక్సీ అసలే పనికిరాదని అనడం లేదు. లాకెట్లు, అరచేతిలో పట్టే పలకలు, ఇంట్లో నీడన ఉండేవి అయితే వాడుకోండి, పొడవు తగ్గితే సాగే తేడా కూడా తగ్గుతుంది కాబట్టి. మీది రెండడుగులు, పైగా బయటి తలుపు.

ఇక పని చేసే తీరు. పలక అంచులను తడి డైమండ్ ప్యాడ్‌తో 120 నంబరు గరుకు నుంచి మొదలుపెట్టి 400 దాకా అరగదీయండి, మూలలను కొంచెం గుండ్రం చేయండి, ఇది బద్ధకించకూడని పని, సగం పగుళ్లు ఇక్కడే ఆగిపోతాయి. తర్వాత కడగడం. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, అయితే గాజు అతికించే పనికి చిక్కు తెచ్చేది ఫ్లోరైడ్ కాదు, ఆ నీళ్లలోని ఉప్పులు. కడిగి ఆరబెడితే తెల్లటి చారలు మిగులుతాయి, వాటి మీద ఏది పోసినా సరిగా పట్టదు, లోపల మచ్చలు కూడా కనబడతాయి. సబ్బుతో కడిగాక చివరిసారి బ్యాటరీ వాటర్‌తో (ఉప్పులు లేని డిస్టిల్డ్ నీళ్లు, యాసిడ్ కాదు) కడగండి, పోగులు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. చాలా రకాల సిలికోన్‌లు ఉత్త గాజుకు అంతగా అంటుకోవు, ముందు ప్రైమర్ (పట్టు కోసం పూసే పలుచని పూత) పూయాలి. ఆ సిలికోన్‌తో పాటు ఏ ప్రైమర్ వాడాలో డేటా షీట్‌లో ఉంటుంది, డబ్బా కొనేటప్పుడే అడగండి.

ఎండాకాలం మధ్యాహ్నం పోయొద్దు. పది డిగ్రీలు పెరిగితే కలిపిన సిలికోన్ పోయడానికి వీలుగా ఉండే సమయం దాదాపు సగానికి పడిపోతుంది, డబ్బా మీద గంట అని రాసి ఉన్నది షెడ్డులో అరగంట కూడా ఉండదు, బుడగలు బయటికి రావడానికి టైమ్ దొరకదు. తెల్లవారుజామున గది 25, 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పోయండి, అక్కడే బిగుసుకుంటే అది ఎండాకాలానికీ చలికాలానికీ మధ్యలో ఉంటుంది కాబట్టి రెండు వైపులా లాగుడు తక్కువ. కొలత కంటితో కాదు, తూకంతో. నురగ రాకుండా నెమ్మదిగా కలిపి, వీలుంటే వ్యాక్యూమ్ పాత్రలో పెట్టి బుడగలు తీసి, ఒక అంచు నుంచి పోస్తూ పై పలకను ఆ అంచు మీద ఆనించి మెల్లగా దించండి, గాలి రెండో వైపు నుంచి వెళ్లిపోతుంది. ఒక్క జాగ్రత్త మరీ ముఖ్యం: ప్లాటినం సిలికోన్‌కు గంధకం పడదు. లేటెక్స్ గ్లవ్స్ వేసుకున్నా, చుట్టూ కట్టే గట్టుకు మామూలు రబ్బరు పట్టీ వాడినా తాకినచోట అది జిడ్డుగానే ఉండిపోతుంది, ఎన్నాళ్లైనా గట్టిపడదు. వినైల్ గ్లవ్స్ వేసుకోండి, గట్టుకు సిలికోన్ పట్టీ వాడండి.

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్. వెంటిలేటర్ కోసం పిల్లలమర్రి చెట్టు బొమ్మతో పలక చేశాను. అడుగున మామూలు కిటికీ అద్దం, ఆకులకు పచ్చ సీసాల ముక్కలు వేసి 800 డిగ్రీలకు కరిగించాను. బయటికి తీసినప్పుడు బాగుంది. మెత్తని సిలికోన్‌తోనే వెనక అద్దం అతికించాను, అయినా పదిహేను రోజులకు ఆకుల చుట్టూ వంకరటింకరగా పగిలింది. జిగురులో లోపమా?

జవాబు: కాదు తమ్ముడూ, జిగురు పోయకముందే నీ పలక లోపల పగలడానికి సిద్ధంగా ఉంది. పగులు అంచు నుంచి సూటిగా మొదలైతే జిగురునో, చట్రాన్నో, ఎండనో అనుమానించాలి, రంగు ముక్క చుట్టూ వంపు తిరిగితే ఆ రెండు గాజులకూ పడలేదని అర్థం. సీసా గాజు వేరు, కిటికీ అద్దం వేరు, చూడడానికి రెండూ గాజే అయినా చల్లబడేటప్పుడు ముడుచుకునే కొలత ఒకటి కాదు. ఫ్యూజింగ్ (గాజు ముక్కలను కరిగించి కలపడం) కోసమే చేసిన గాజును సీఓఈ (వేడికి సాగే కొలత) 90, 96 అని నంబర్లతో అమ్మేది ఇందుకే, బుల్స్‌ఐ కంపెనీది 90, ఓషన్‌సైడ్ కంపెనీది 96, ఒకదాంట్లో ఇంకోటి కలపకూడదు. నంబరు కలిసినంత మాత్రాన కూడా నమ్మకం లేదు, గాజు చల్లబడుతూ చిక్కబడే తీరు కూడా కలవాలి, అందుకే వేర్వేరు కంపెనీల గాజు కలిపే ముందు చిన్న ముక్క కాల్చి చూడాలి.

చూసేదెలా? దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఉత్త తెల్లని పేజీ పెట్టు. పోలరైజ్డ్ కళ్లద్దాలు కంటికి అడ్డం పెట్టి మెల్లగా తిప్పు, ఒక చోట తెర మొత్తం నల్లబడుతుంది. అక్కడ ఆపి, పూర్తిగా చల్లారిన పలకను తెరకూ కళ్లద్దాలకూ మధ్య పట్టుకో. పలక కూడా నల్లగానే ఉంటే లోపల లాగుడు లేదు. రంగు ముక్క చుట్టూ తెల్లగా వెలుగు కనబడితే అదే నీ పగులు, ఇంకా పగల్లేదు అంతే. టఫెన్డ్ అద్దంలో ఈ మెరుపులు ఎప్పుడూ ఉంటాయి, దాన్ని చూసి కంగారు పడకు. ఈ పరీక్ష చేయకుండా ఏ పలకకూ జిగురు పోయొద్దు, నా మాటగా దీన్ని షెడ్డు గోడ మీద రాసిపెట్టుకో.

వెలుగు కనబడితే రెండు రకాల కారణాలు ఉండొచ్చు, ఒకదానికి మందు ఉంది, ఇంకోదానికి లేదు. పలక మొత్తం మీద, ముఖ్యంగా మూలల్లో కనబడితే అనీలింగ్, అంటే గాజును నెమ్మదిగా చల్లార్చడం, సరిపోలేదు. అలాంటి పలకను మళ్లీ కిల్న్‌లో పెట్టి నెమ్మదిగా వేడి చేసి సరిచేసుకోవచ్చు. కిటికీ అద్దమైతే 540, 550 డిగ్రీల మధ్య కనీసం గంట ఆపి, అక్కడి నుంచి 450 దాకా గంటకు 50 డిగ్రీల చొప్పున దించు, బుల్స్‌ఐ గాజైతే ఆపాల్సింది 482 దగ్గర. ఇది రెండు పొరల 6 మిల్లీమీటర్ల పలక లెక్క. మందం రెండింతలైతే చల్లార్చే సమయం నాలుగింతలు కావాలి, 12 మిల్లీమీటర్ల దాన్ని 6 మిల్లీమీటర్ల షెడ్యూలులో పెట్టి చాలామంది పాడుచేసుకుంటున్నారు. మధ్యలో కరెంటు పోతే మూత తెరవకు, పూర్తిగా చల్లారనిచ్చి తెరమీద చూసి, అవసరమైతే అనీలింగ్ మళ్లీ చెయ్. ఇక వెలుగు ఒక్క రంగు ముక్క చుట్టూనే ఉంటే అది పడని గాజు, దాన్ని ఎన్నిసార్లు కాల్చినా మారదు.

సీసా ఆకులు నీకు అంత ఇష్టమైతే ఒక దారి ఉంది. ఆకులను విడిగా కాల్చుకొని, అద్దంతో కరిగించకుండా, చల్లగానే సిలికోన్‌లో పేర్చు. మధ్యలో మెత్తని పొర ఉంటే ఏ గాజుకు ఆ గాజు తన పాటికి తాను సాగుతుంది. పిల్లలమర్రి ఊడలు కూడా అలాగే వేయొచ్చు, కరిగించిన దానికంటే లోతుగా కనబడతాయి కూడా.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. మేడం ఒకరు మీ పత్రిక చూపించారు. బాత్రూమ్ సింకుకు వాడే ట్యూబ్ సిలికోన్‌ను రెండు అద్దాల మధ్య పరిచి నొక్కాను. నెల దాటింది, అంచులు గట్టిపడ్డాయి, నడిమిట్ల ఇంకా పేస్టులాగే ఉంది. మొన్న ఒక పక్క అద్దం జారింది కూడా.

జవాబు: ట్యూబ్ సిలికోన్ గట్టిపడాలంటే గాలిలోని తేమ తగలాలి. రెండు అద్దాల మధ్య చిక్కుకున్న దానికి తేమ అంచుల నుంచి తప్ప రాదు, గట్టిపడ్డ అంచే ఆ తర్వాత లోపలికి పోయే తేమను అడ్డుకుంటుంది, కాబట్టి అడుగు వెడల్పు పలకలో నడిమి భాగం ఎన్ని నెలలైనా అలాగే ఉంటుంది. గట్టి అంచు, జారే నడిమి భాగం కలిసి అద్దం మీద బరువును ఒక పక్కకు తోస్తాయి, అది పగలడానికి కూడా దారి. నిలబెట్టి ఉంచితే ముందు దాన్ని పడుకోబెట్టండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఇంకో చిక్కు, ముఖం చూసుకునే అద్దం వెనక వెండి పూతను అది తినేస్తుంది. విడదీయాలంటే సన్నని స్టీలు తీగను అంచు నుంచి రంపంలా లాగుతూ కోయండి, చేతులకు మందపు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇలా రెండు అద్దాల మధ్య పోయడానికి పైన చెప్పిన రెండు భాగాల ప్లాటినం సిలికోన్ వాడండి, అది లోపల కలిసిన రసాయనంతోనే గట్టిపడుతుంది, గాలి అక్కర్లేదు.

ప్రశ్న: నల్లగొండ పట్టణంలో మా ఇంటి పడమటి కిటికీకి ముదురు నీలం రంగు పలక పెట్టించాం. టేకు చట్రంలో పలక అంచు అంగుళం పైగా లోపలికి దూర్చి, మేస్త్రీ బిగుతుగా మేకులు కొట్టి లప్పం పెట్టాడు. ఏప్రిల్లో ఒక సాయంత్రం టప్పున చప్పుడు వచ్చి చీలింది. రెసిన్ తేడానా, గాజు తేడానా?

జవాబు: పగులు చట్రంలో దాగిన అంచు నుంచి దానికి అడ్డంగా, సూటిగా మొదలైందేమో చూడండి. అలా ఉంటే చాలావరకు చట్రం పనే. 44 డిగ్రీల ఎండలో పడమటి సాయంత్రం ముదురు నీలం బాగా వేడెక్కుతుంది, నడిమి భాగం వేడెక్కి సాగుతుంటే చెక్కలో దాక్కున్న అంచు చల్లగా ఉండి సాగనివ్వదు, అంచు మీద లాగుడు పడి అక్కడ తెగుతుంది. టఫెన్డ్ కాని మామూలు గాజుకు నడుమకూ అంచుకూ 40 డిగ్రీల తేడా వస్తే ప్రమాదమే, మేకుల బిగుతు దాన్ని ఇంకా పెంచుతుంది. కరిగించి చేసిన పలకను టఫెన్ చేయించడం మామూలుగా కుదిరే పని కాదు, టఫెన్ అయిన అద్దాన్ని తర్వాత కిల్న్‌లో పెడితే ఆ బలం పోతుంది. కాబట్టి చట్రమే మార్చండి. నాలుగు వైపులా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఖాళీ, అంచు చెక్కలోకి ఒక సెంటీమీటరు చాలు, కింద రెండు చివరల నుంచి పావు వంతు దూరంలో రెండు రబ్బరు దిమ్మలు పెట్టి వాటి మీద పలక బరువు ఆనించండి, చుట్టూ మెత్తని బీడింగ్, లప్పం వద్దు. దిమ్మలూ బీడింగూ సిలికోన్ రబ్బరువి దొరికితే ఇంకా మంచిది. పడమటి గోడకు ముదురు రంగుల బదులు లేత రంగులు ఎంచుకుంటే నాకు ఇంకా తృప్తి, లేదా కిటికీ మీద సజ్జను కొంచెం ముందుకు పొడిగించండి. పలక లోపలి వైపు దగ్గరగా మందపు పరదా కట్టకండి, వేడి మధ్యలో చిక్కుకుంటుంది.

ప్రశ్న: గద్వాల నుంచి. పగిలిన పలకలో పర్రెను రెసిన్‌తో నింపితే కనబడకుండా పోతుందా?

జవాబు: కనబడకుండా చేయొచ్చు. వెలుగును వంచే కొలత (వక్రీభవన గుణకం) గాజుకు దగ్గరగా, 1.52 దగ్గర ఉండే పలుచని ఎపాక్సీని పగులులోకి పీల్చుకునేలా వదిలితే గీత చాలావరకు మాయమవుతుంది, మ్యూజియంలలో పాత గాజు సామాను బాగుచేసేవాళ్లు ఇదే చేస్తారు. అయితే పగలగొట్టిన లాగుడు ఇంకా లోపల ఉంటే పక్కన ఇంకో గీత వస్తుంది. ముందు ల్యాప్‌టాప్ తెర మీద చూడండి, పగులు కొస దగ్గర వెలుగు లేకపోతేనే నింపండి, ఉంటే ఆ డబ్బు కొత్త గాజుకు పెట్టండి.